లాభం తర్వాత రెండు

నా చిన్నప్పుడు ఇస్నాపూర్ రోడ్డు మీద నిలబడితే రెండు రకాల వాసనలు వచ్చేవి. గాలి పటాన్‌చెరు వైపు నుంచి వీస్తే ఫ్యాక్టరీల ఘాటు. మా మేనమామ దుకాణం వైపు నుంచి వీస్తే మాడిన రాగి తీగ, వార్నిష్ కలిసిన వాసన. మొదటిదానికి ఊరంతా ముక్కు మూసుకునేది. రెండోదాని కోసం నేను బడి వదలగానే పరిగెత్తుకుంటూ పోయేదాన్ని.

మామ మా అమ్మకు తమ్ముడు. కాలిపోయిన బావి మోటార్లకు మళ్లీ తీగ చుట్టడం ఆయన పని. కరెంటు ఒకసారి తక్కువగా, ఒకసారి దెబ్బకు ఎక్కువగా వచ్చి వారానికి నాలుగైదు మోటార్లను మాడ్చేసేది. మోటారు విప్పితే లోపలి తీగంతా బొగ్గులా ఉండేది. దాన్ని పీకి పారేసి, ఫర్మా అనే చెక్క అచ్చు మీద కొత్త తీగను లెక్కప్రకారం చుట్టి, ఆ కాయిల్స్‌ను మోటారు లోపలి గాడుల్లో ఒక్కొక్కటే కూర్చాలి. వినడానికి ఇంతే. కానీ ఒక్క చుట్టు లెక్క తప్పితే రైతు పొలం ఎండుతుంది.

సెలవు రోజుల్లో మధ్యాహ్నం మామకు సద్ది డబ్బా ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపేది. డబ్బా ఇచ్చి రావడానికి అయిదు నిమిషాలు చాలు. నేను రెండు గంటలకు తక్కువ వచ్చేదాన్ని కాదు. ఒకరోజు మామ తినేటప్పుడు ఫర్మా హ్యాండిల్ నా చేతికిచ్చి తిప్పమన్నాడు. రాగి తీగ వేళ్ల మధ్య నుంచి వెచ్చగా జారుతూ, పక్కపక్కనే ఒద్దికగా పడుతుంటే నాకు ఒళ్లంతా పులకరించింది. మా అక్క కుట్టుపనిలో దిట్ట. దిండు గలీబు మీద చిలకను కుడితే అది పలుకుతుందా అన్నట్టు ఉండేది. నాకు మాత్రం సూది చూస్తే నిద్ర వచ్చేది, తీగ చూస్తే నిద్ర వదిలేది. దానికి నేనేం చేయను?

పన్నెండేళ్లు వచ్చేసరికి నా వేళ్ల సందుల్లో వార్నిష్ మరకలు కిరసనాయిలుతో తోమినా పోయేవి కావు. అమ్మకు అవి కంట్లో నలుసులయ్యాయి. మగపిల్లల పని చేసే ఆడపిల్లను చూసి నలుగురూ నవ్వుతారని ఆమె భయం. అమ్మ చెడ్డది కాదు, నలుగురంటే ఆమెకు భయం, అంతే. మామ బతిమాలితే చివరికి ఒక షరతు పెట్టింది.

"సరే తమ్మీ, నీ మాట కాదనను. గానీ ఎవలన్న వచ్చి దీని గురించి ఒక్క మాటన్నరంటే ఇగ అది నీ దుకాణం మెట్టెక్కేది లేదు. కుట్టు మిషను నేర్వనీకి సంగారెడ్డి తోల్త."

ఒక్క మాట. అంతే దూరంలో ఉంది నా హ్యాండిల్ నాకు దక్కకుండా పోవడం. ఆ రోజు నుంచి దుకాణానికి ఎవరొచ్చినా వాళ్ల నోటి వంకే చూసేదాన్ని.

మామకు మాత్రం నలుగురి భయం బొత్తిగా ఉండేది కాదు. దానికి ఒక కథ ఉంది. సాయంత్రం పని అయ్యాక ఆయన దుకాణం మెట్టు మీద కూర్చుని మల్లెపూలు కట్టేవాడు. మా అత్తకు పూలు కట్టడం రాదు, ఆయనకు వచ్చు, ఇష్టం కూడా. మోటారు కాయిల్స్ చివరలను నూలు దారంతో బిగించే చేతులు కదా, మల్లెలను కూడా అంతే దగ్గరగా, ముడి కనబడకుండా కట్టేవి. షిఫ్టు బస్సు దిగిన ఫ్యాక్టరీ మనుషులు ఆగి మరీ వేళాకోళం ఆడేవాళ్లు. గాజులు కూడా తొడుక్కోరాదా అని ఒకడు అన్నప్పుడు మామ తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"దారానికేమెరుకనే, కట్టేది ఆడదో మొగోడో? ముడి పడ్డదా లేదా, గదొక్కటే దానికెరుక. నీకు రాకుంటె కూసో, నేర్పిస్త."

అన్నవాడు నిజంగానే కూర్చున్నాడు. నాలుగు పూలు కట్టి, అయిదోది జారిపోతే లేచి వెళ్లాడు. నాకు నవ్వొచ్చింది కానీ, మామకున్న ధైర్యం నాకెక్కడిది? ఆయన మీద అమ్మ షరతు లేదు కదా.

ఇక ఆ ఆదివారం సంగతి. సుల్తాన్‌పూర్ వైపు ఊరి నుంచి ఒక పెద్ద రైతు ముందు రోజు సాయంత్రమే మోటారు తెచ్చి పడేసి వెళ్లాడు. అందరూ ఆయన్ను పటేలా అని పిలిచేవాళ్లు. వరి పొట్ట మీద ఉంది, మూడు రోజులుగా నీళ్లు లేవు. ఆ వారం బావులకు కరెంటు మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకానే. ఆ మూడింటికి మోటారు బావి మీద ఉండకపోతే ఇంకో రోజు ఎండాలి, వచ్చే వెన్నులన్నీ తాలు పోతాయి. మామ రాత్రికి రాత్రే పాత తీగ పీకి శుభ్రం చేసి పెట్టాడు. ఆదివారం తెల్లారగానే నన్ను పిలిచాడు.

ఆ మోటారుకు పద్దెనిమిది కాయిల్స్. మూడు ఫేసులకు ఆరేసి చొప్పున. ఒక్కో కాయిల్‌కు నలభై రెండు చుట్లు. మూడు వాటాలూ సమానంగా ఉండాలి, లేకపోతే ఒక పక్క బరువెక్కి వేడెక్కుతుంది. నేను చుడుతున్నాను, మామ గాడుల్లో కూరుస్తున్నాడు. మొదటి ఆరు కాయిల్స్ తొమ్మిదింటికల్లా అయిపోయాయి. ఒకటి, రెండు, మూడు అని మామ నేర్పినట్టే లెక్కపెట్టి చుట్టాను. మామ వేలితో మీటి చూసి తల ఊపాడు.

అప్పుడు పటేల్ వచ్చాడు. సైకిలు స్టాండ్ వేయకుండా గోడకు ఆనించి, గుమ్మంలోనే ఆగిపోయాడు. హ్యాండిల్ పట్టుకున్న నన్ను చూసి, నా గాజులను చూసి, మామను చూశాడు.

"ఏందయ్య గిది? నా పొలం పొట్ట మీదున్నది, నువ్వు ఆడపోరితోని ఆటలాడిస్తున్నవా?"

వచ్చేసింది ఆ ఒక్క మాట, అనుకున్నాను. నోరు ఆడుతున్న మనిషి చేతికి పని ఇవ్వాలనేది మామ సూత్రం. ఒక వెదురు ముక్క, కత్తి ఇచ్చి, గాడుల మూతికి బిగించే బద్దలు చెక్కమన్నాడు. ముప్పై ఆరు కావాలి, జల్దీ కావాలి అన్నాడు. పొలం తనది, పైగా తొందర. పటేల్ గొణుక్కుంటూ కింద కూర్చున్నాడు. కూర్చున్నాడే కానీ, కళ్లు నా చేతుల మీదే.

ఎవరైనా అలా చూస్తుంటే వచ్చిన పని కూడా రాకుండా పోతుంది. నాకు చెమటలు పట్టాయి. ఈ ఒక్క రోజు బాగా జరిగితే చాలు దేవుడా అనుకున్నాను. కళ్లంలో మా తాతయ్య గుర్తొచ్చాడు. ధాన్యం కొలిచేటప్పుడు ఆయన మొదటి మానికను ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. శుభమా అని కొలుస్తూ ఒంటరి ఒకటి ఎందుకు, లాభం అంటే లాభమే వస్తుందని. ఏడును కూడా ఏడు అనేవాడు కాదు, ఏడుపు మాట మనకెందుకని ఆరున్నొకటి అనేవాడు. నేను కూడా ఫర్మాకు తీగ తగిలించి, మొదటి చుట్టు తిప్పుతూ పెదవుల మీదే లాభం అనుకున్నాను. కొంచెం ధైర్యం వచ్చింది. అలా ఒకటి తర్వాత ఒకటి రెండో వాటా ఆరు కాయిల్స్ చుట్టేశాను. మామ వాటిని అందుకుని గాడుల్లో కూరుస్తూనే ఉన్నాడు.

పదకొండు దాటింది. మూడో వాటాకు తీగ తగిలిస్తున్నాను. పటేల్ బద్దలు చెక్కడం ముగించి, ఒక్కొక్కటీ పక్కన పెడుతూ లెక్కపెడుతున్నాడు.

"లాభం... రెండు... మూడు..."

నా చెయ్యి హ్యాండిల్ మీదే ఆగిపోయింది. లాభం తర్వాత రెండు. అవును, తాతయ్య కూడా అలాగే అనేవాడు. లాభం అంటేనే ఒకటి. మరి నేనేమన్నాను? లాభం అని తాతయ్యలా మొదలుపెట్టి, ఒకటి, రెండు అని మామలా లెక్కపెట్టాను. ఒక చుట్టు ఎక్కువ. ఒక్క కాయిల్‌కు కాదు, ఆరింటికీ. మొదటి ఆరూ నలభై రెండు, తర్వాతి ఆరూ నలభై మూడు.

మంచినీళ్లని చెప్పి కుండ దగ్గరికి పోయి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. చెప్పకపోతే ఏమవుతుంది? ఒక్క చుట్టుకు మోటారు ఇవాళే కాలిపోదు. మూడింటికి పటేల్ దాన్ని బిగిస్తాడు, నీళ్లు వస్తాయి, ఆయన నోరు మూతపడుతుంది. పది రోజులకో, నెలకో ఒక పక్క వేడెక్కి ఎప్పుడో కాలితే, కరెంటు బాగాలేదని అందరూ కరెంటునే తిడతారు. చెబితే? కూర్చిన కాయిల్స్ పీకాలి, మళ్లీ చుట్టాలి, టైము మించిపోవచ్చు. ఆడపిల్ల చేతిలో పెడితే ఇంతే అని పటేల్ ఊరంతా చాటుతాడు. సాయంత్రానికల్లా అమ్మకు తెలుస్తుంది. ఇక సంగారెడ్డి, కుట్టు మిషను. నిజం చెప్పాలంటే, ఆ కుండ దగ్గర నేను చెప్పకూడదనే అనుకున్నాను. ఇప్పటికీ ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

వెనక్కి వచ్చి చూస్తే మామ కూర్చిన కాయిల్స్ చివరలను నూలు దారంతో కడుతున్నాడు. మల్లెలు కట్టినట్టే, అంత ఓపికగా, అంత నమ్మకంగా. నా లెక్క మీద ఆయనకున్న నమ్మకం అది. అది చూశాక నా వల్ల కాలేదు.

"మామా, లెక్క తప్పింది."

దారం ఆగింది. మామ నా మొహం చూడలేదు, మోటారునే చూశాడు. ఆయన అడిగినవి రెండే మాటలు.

"ఎన్ని? యాడికెల్లి?"

ఒక్కోటి ఎక్కువ అని, ఏడో కాయిల్ నుంచి పన్నెండు దాకా అని చెప్పాను. ఎట్లా తప్పిందో కూడా చెప్పాను. పటేల్ అంతా విన్నాడు. చేతిలో బద్దలు నేల మీద పడేసి లేచాడు.

"నేను చెప్పలే? ఆడపోరి చెయ్యి పెడితె గిట్లనే అయితది. ఇంటికాడ కూసుండవెట్టు దాన్ని. పోయేటప్పుడు మీ అక్కకు నేనే చెప్త!"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవి వంకర పోయింది. మామ కత్తెరతో దారం టక్కున తెంపి నా వైపు చూశాడు.

"ఆరున్నొక్క రాగం తర్వాత తీద్దువు గని కోడలా. ముందు హ్యాండిల్ పట్టు."

తర్వాత పటేల్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. మామ గొంతు పెంచకపోతేనే నాకు భయం.

"పటేలా, పోయినేడు నీ మోటరు మూడు దినాలల్ల పొగలు పట్టి మళ్ల నా దగ్గరికే అచ్చింది, యాదికున్నదా? అది కరెంటుతోని కాలలే. నేనే ఒక జాయింటు ఉల్టా కలిపిన. నీకప్పుడే చెప్పిన. ఏమన్నవ్ నువ్వు?"

పటేల్ కింద పడ్డ బద్దల వంక చూశాడు.

"మనిషన్నంక పొరపాటైతది తియ్ అన్నవ్. చాయ్ గూడ తాగిపిచ్చినవ్. నేను తప్పుచేస్తె మనిషి తప్పు. ఈ పిల్ల తప్పుచేస్తె ఆడపిల్లల తప్పా? ఈ పిల్ల మనిషి కాదా పటేలా? నేనన్న కాలినంక చెప్పిన. ఈమె కాలకముందే చెప్పింది."

పటేల్ గోడ గడియారం చూశాడు, మోటారును చూశాడు. పదకొండున్నరకు ఇంకో దుకాణానికి మోసుకుపోతే మూడింటికి కాదు, రేపు మూడింటికి కూడా కాదు. మా మామ మాటలకంటే ఆ గడియారమే ఆయన్ను కూర్చోబెట్టిందేమో, నాకు తెలియదు. కూర్చోవడం మాత్రం కూర్చున్నాడు. ఈసారి నా పక్కన, తీగ చుట్ట దగ్గర.

"చుట్టు. నేను గూడ లెక్కవెడ్త," అన్నాడు.

మామ తప్పుడు కాయిల్స్ పీకుతున్నాడు. నేను హ్యాండిల్ తిప్పాను. ఒకటి, అన్నాను. పటేల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మోటరు నాది. లాభం అను."

"లాభం," అన్నాను.

"రెండు," అన్నాడు ఆయన, ఆ మాటను నొక్కి.

అలా ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఏడు వచ్చినప్పుడు ఆయన ఆరున్నొకటి అన్నాడు, నేనూ అన్నాను. నలభై రెండుకు ఇద్దరం ఒక్కసారే ఆగాం. మూడో కాయిల్‌కు ఆయన తీగను బిగువుగా పట్టి అందించడం మొదలుపెట్టాడు. అయిదో కాయిల్‌కు లెక్క మాని నా వేళ్లు చూస్తూ ఉండిపోయాడు. తొందరలో ఒకచోట తీగ మీద తీగ ఎక్కితే నేనే ఆపి, రెండు చుట్లు వెనక్కి విప్పి సరిచేశాను. ఆయన తీగ వదులు చేసి పట్టుకున్నాడు. ఎవరూ తినలేదు. అమ్మ పంపిన సద్ది డబ్బా మూత కూడా తీయలేదు.

మూడో వాటా కూడా చుట్టి, ఒంటిగంటన్నరకు కాయిల్స్ అన్నీ కూర్చడం ముగించాం. తీగల కొసలు కలిపి, బల్బు పెట్టి చూస్తే మూడు వాటాల్లోనూ ఒకేలా వెలిగింది. వార్నిష్ పోసి ఎండలో పెట్టాం. పూర్తిగా ఆరకుండానే రెండున్నరకు పటేల్ దాన్ని గోనెసంచిలో చుట్టి సైకిలు క్యారియర్‌కు కట్టుకున్నాడు. పోతూ నా వంక చూడలేదు, మామకు కూడా చెప్పలేదు. సైకిలు మలుపు తిరిగేదాకా నేను మెట్టు మీదే నిలబడ్డాను.

ఆ తర్వాతి మూడున్నర గంటలు నా బతుకులో చాలా పొడుగు. మూడు కొట్టింది, దుకాణంలో బల్బు వెలుగు తగ్గింది, అంటే బావులకు కరెంటు వచ్చింది. బిగించి ఉంటాడు, స్విచ్చు వేసి ఉంటాడు, పొగ రావాలంటే ఈపాటికి వచ్చి ఉంటుంది. మామ ఒక్కసారి కూడా భయపడకు అనలేదు. ఇంకో మోటారు విప్పి, నా ముందుకు తోసి, పాత తీగ చుట్లు లెక్కపెట్టమన్నాడు. లెక్కపెట్టాను. రెండుసార్లు.

ఆరు దాటాక, ఇంకా వెలుగుండగానే పటేల్ సైకిలు వచ్చింది. దుకాణం ముందు ఆగలేదు. మా ఇంటి సందులోకి తిరిగింది.

నేను మెట్లు దూకి పరిగెత్తాను. వెనక మామ పిలిచినట్టుంది, వినలేదు. నేను చేరేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, పటేల్ వాకిట్లో ఉన్నాడు. ఆయన మోకాళ్ల దాకా తడి బురద. అది నేను అప్పుడు చూశాను కానీ, దానికి అర్థం తోచేంత తెలివి ఆ క్షణాన లేదు. అమ్మ మొహం పాలిపోయి ఉంది. పెద్దమనిషి ఇంటి మీదికి వచ్చాడంటే మంచికి కాదని ఆమె అనుకుని ఉంటుంది.

"ఒక్క మాట చెప్పి పోదామని అచ్చిన చెల్లె," అన్నాడు పటేల్.

అమ్మ నన్ను చూసింది. నేను నేలను చూశాను.

"మా తమ్ముని మోటరు గూడ కాలింది. రేపు తెద్దామనుకుంటున్న. నీ బిడ్డ దుకాణంల ఉంటదా? ఆమె లేకుంటె ఎల్లుండి తెస్త."

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. నాకు తెలిసి ఆమె జీవితంలో నలుగురి మాట తన బిడ్డ వైపు రావడం అదే మొదటిసారి.

"బడి ఉంటది పటేలా. బడి వదిలినంక ఉంటది," అంది.

ఆ తర్వాత కూడా పటేల్ ఏం మారిపోలేదు. వేరే ఆడపిల్లల గురించి అవే మాటలు అనేవాడని విన్నాను. నన్ను మాత్రం చివరిదాకా లాభం అనే పిలిచేవాడు. ఏం లాభం, బాగున్నవా, అని. నాకు కోపం రాకపోగా ఇష్టంగా ఉండేది.

ఇప్పుడు ఆ దుకాణం నాది. నాకు మనవరాళ్లున్నారు. ఇస్నాపూర్‌లో సందు సందునా కిరాయి గదులు, సుల్తాన్‌పూర్‌లో పెద్ద పెద్ద కంపెనీలు. ఒడియా పిల్లలు, బీహారీ పిల్లలు కాలిన ఫ్యాన్లు, కూలర్ మోటార్లు తెచ్చి, నా వెనక్కి తొంగి చూసి మిస్త్రీ ఎక్కడని హిందీలో అడుగుతారు. నేనే అంటాను. ఒకరిద్దరు నమ్మరు. వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇస్తాను, మామ సూత్రమే. సాయంత్రం మా ఆయన మెట్టు మీద కూర్చుని పూలు కడతాడు. మామ దగ్గరే నేర్చుకున్నాడు, అయిదో పువ్వు ఇంకా జారుతుంది.

నా దగ్గర పని నేర్చుకునేవాళ్లు తప్పు చేస్తే నేనూ రెండే అడుగుతాను. ఎన్ని, యాడికెల్లి. ఎవరు అనేది అడగను. కొత్త తీగ ఫర్మాకు తగిలించిన ప్రతిసారీ మొదటి చుట్టుకు పైకే లాభం అంటాను. అని, ఒక్క క్షణం ఆగి, రెండు అంటాను.